ఇంటి పనికి మిగ్ వెల్డింగ్ మెషిన్: కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా?

ప్రశ్న: అల్వాల్ మిద్దెతోట

నమస్కారం. అల్వాల్‌లోని మా సొంత ఇంట్లో కింద ఒక షట్టరు గది ఖాళీగా ఉంది. అందులో ఇంటికి కావలసిన ఇనుప పనులు నేనే చేసుకోవాలన్న ఉద్దేశంతో ఒక మిగ్ మెషిన్, అంటే రాడ్డుకు బదులు చుట్ట నుంచి వచ్చే వైరుతో, గ్యాస్ రక్షణలో అతికేది, మన దుకాణాలలో సీఓటూ మెషిన్ అని పిలిచేది, కొనాలనుకుంటున్నాను. మేడ మీద బీర, కాకర తీగలకు పందిరి, కుండీలకు స్టాండ్లు, వెనుక ప్రహరీకి ఒక చిన్న గేటు, వీలైతే ఆ తర్వాత స్కూటర్లకు ఒక షెడ్డు చేయాలని ఉంది. ఎక్కువగా వాడేది 16, 18 గేజ్ ఎమ్మెస్ (మామూలు ఇనుము) స్క్వేర్ పైపు. అప్పుడప్పుడు 5 మిల్లీమీటర్ల యాంగిల్ కూడా తగులుతుంది. ఆర్క్ వెల్డింగ్ నాకు కొంతవరకు తెలుసు. అయితే పలుచని పైపు మీద రాడ్డుతో చిల్లు పడకుండా అతకడం కష్టం, పైగా ప్రతి అతుకు మీదా గట్టిపడే పెంకును, అంటే స్లాగ్‌ను, కొట్టుకోవాలి. అందువల్లనే మిగ్ వైపు చూస్తున్నాను.

ప్రస్తుతం మూడు మెషిన్లు చూసి ఉంచాను. రాణీగంజ్‌లోని ఒక దుకాణంలో కొత్త 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మెషిన్‌కు (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే వెల్డింగ్ మెషిన్) జీఎస్టీ కలుపుకొని 27,000 రూపాయలు చెప్పారు. ఒక సంవత్సరం వారంటీ ఉంది, ఆర్క్ రాడ్లు కూడా దానితోనే వాడుకోవచ్చన్నారు. బాలానగర్‌లో మూసివేస్తున్న ఒక చిన్న యూనిట్‌లో 250 ఆంపియర్ల పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ ఉంది. అది త్రీ ఫేజ్‌ది, టార్చ్ (చేత పట్టుకునే వెల్డింగ్ గన్), గ్యాస్ రెగ్యులేటర్ కలిపి 20,000కు ఇస్తామంటున్నారు. ఇక ఆన్‌లైన్ ప్రకటనలో చూసిన మూడవది మూడేళ్లు వాడిన సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్. ధర 12,000, బిల్లు లేదు. మా ఇంటి కనెక్షన్ సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు 3 కిలోవాట్లు. బడ్జెట్ 30,000 లోపు. పాతది కొని మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, గ్రైండర్ తీసుకోవడం తెలివైన పనా, లేక కొత్తదానికే వెళ్లడం మంచిదా? అనుభవజ్ఞులు చెప్పగలరని ప్రార్థన.

జవాబు: మౌలాలి విద్యుత్

మిద్దెతోట గారికి నమస్కారం. కొత్తదా పాతదా అని తేల్చుకునే ముందు మీ మీటరు ఎంత కరెంటు ఇవ్వగలదో చూడాలి, ఎందుకంటే మీ మూడు మెషిన్లలో ఒకటి అక్కడే పక్కకు తప్పుకుంటుంది.

మిగ్ వెల్డింగ్‌లో ఆర్క్ వోల్టేజీని అంచనా కట్టడానికి ఒక ప్రామాణికమైన లెక్క ఉంది: ఆంపియర్లను 0.05తో గుణించి 14 కలపాలి. మీ 18 గేజ్ పైపుకు 60 ఆంపియర్లు అనుకుంటే 17 వోల్టులు వస్తుంది, అంటే ఆర్క్ దగ్గర దాదాపు 1 కిలోవాట్. మెషిన్ సామర్థ్యం 85 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.7 అని తీసుకుంటే 230 వోల్టుల లైను నుంచి అది 7, 8 ఆంపియర్లు లాగుతుంది. దీనికి ఇంట్లోని 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ సరిపోతుంది. అదే 5 మిల్లీమీటర్ల యాంగిల్ కోసం 150 ఆంపియర్లు పెట్టారనుకోండి, ఆర్క్ వోల్టేజీ 21.5 అవుతుంది, ఆర్క్ దగ్గరే 3.2 కిలోవాట్లు ఖర్చవుతుంది, లైను నుంచి 23, 24 ఆంపియర్లు లాగుతుంది. ఆ భారాన్ని మామూలు పవర్ ప్లగ్ మోయలేదు; మీకు మంజూరైన 3 కిలోవాట్లూ చాలవు. కాబట్టి ఏ మెషిన్ కొన్నా షట్టరు గదికి మెయిన్ బోర్డు నుంచి 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా ఒక లైను వేయించి, సీ రకం 32 ఆంపియర్ల ఎంసీబీ, 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి, ఎర్తింగ్ కొలిపించండి, టీజీఎస్పీడీసీఎల్‌లో లోడు పెంపునకు దరఖాస్తు చేయండి. మీ ధరల పోలికలో ఈ ఖర్చు ఎక్కడా కనిపించడం లేదు గనుక ముందే గుర్తు చేస్తున్నాను.

బాలానగర్ మెషిన్ విషయంలో ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోవాలంటే అదనపు లోడుకు అభివృద్ధి ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, మీటరు మారాలి, ఇంటి లోపలి బోర్డు కూడా మార్చుకోవాలి. చిన్న మార్పుతో దానిని సింగిల్ ఫేజ్ మీద నడిపించవచ్చని ఎవరైనా చెబితే దయచేసి నమ్మవద్దు. దాని ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్ రెండూ మూడు ఫేజ్‌ల కోసం కట్టినవి.

ఇన్వర్టర్లు చూసేటప్పుడు పెట్టె మీది రంగుల స్టిక్కరును కాకుండా వెనుక ఉండే రేటింగ్ ప్లేటును చదవండి. ఐ1 మ్యాక్స్ అంటే లైను నుంచి అది తీసుకోగల గరిష్ఠ కరెంటు. ఐ1 ఈఎఫ్ఎఫ్ అంటే మధ్య మధ్య ఆగుతూ చేసే పనిలో వైరింగు నిజంగా మోయవలసిన కరెంటు. ఎక్స్ అన్న వరుసలో డ్యూటీ సైకిల్ ఉంటుంది. 200 ఆంపియర్ల కింద 40 శాతం అని ఉంటే, 10 నిమిషాలలో 4 నిమిషాలు వెల్డింగ్ చేసి 6 నిమిషాలు చల్లారనివ్వాలని అర్థం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ శాతాన్ని 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వద్ద కొలవాలి. చవక మెషిన్లలో కొన్నింటికి 20, 25 డిగ్రీల వద్ద కొలిచి పెద్ద అంకె వేస్తారు. మే నెలలో రేకుల షట్టరు గదిలో పని చేసే మనకు ఈ తేడా చాలా పెద్దది. ఆ ప్లేటే లేని మెషిన్‌ను, అది కొత్తదైనా సరే, కొనవద్దు.

జవాబు: బాలానగర్ షెడ్

పై మిత్రులు కరెంటు గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. అయితే సెకండ్ హ్యాండ్ మెషిన్ అంటేనే ప్రమాదమన్న అభిప్రాయం ఎవరికైనా కలిగితే అది న్యాయం కాదు. మీరు చెప్పిన మూడింటిలో గట్టి మెషిన్ ఆ పాత ట్రాన్స్‌ఫార్మరే. రాగి చుట్టలు, కొన్ని డయోడ్లు, ఒక కాంటాక్టర్, ఒక ఫ్యాను, ఒక ట్యాప్ స్విచ్చి తప్ప అందులో పాడవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏది పోయినా బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో బాగు చేసేవారు దొరుకుతారు. త్రీ ఫేజ్ ఉన్న షెడ్డు పెట్టుకున్నవారు అడిగి ఉంటే కళ్లు మూసుకుని అదే తీసుకోమనేవాడిని, కాకపోతే చుట్టలు రాగివా అల్యూమినియంవా అని మాత్రం చూసుకోమనేవాడిని.

మీకు అది వద్దనడానికి కరెంటు కాక మరో కారణం కూడా ఉంది, అది ఇంకా ముఖ్యమైనది. మిగ్‌కు వోల్టేజీ స్థిరంగా ఉండే మెషిన్ కావాలి, ఆర్క్ రాడ్డుకు కరెంటు స్థిరంగా ఉండే మెషిన్ కావాలి. పాత మిగ్ ట్రాన్స్‌ఫార్మర్ మొదటి రకం మాత్రమే గనుక దానితో రాడ్డు వెల్డింగ్ చేయలేరు. ఇప్పటి ఇన్వర్టర్లు ఒక బటన్ నొక్కితే రెండు రకాలుగానూ పని చేస్తాయి. మీ పందిరి మేడ మీద ఉంది, మేడ మీద గాలి ఉంటుంది, ఆ గాలి మిగ్ గ్యాస్‌ను చెదరగొడుతుంది. ఫ్రేములన్నీ కింద గదిలో మిగ్‌తో తయారు చేసుకొని, పైన స్తంభాలకు తగిలించే ఆ నాలుగు అతుకులు 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతో వేయడమే మీకు సరైన పద్ధతి. ఒకే మెషిన్‌తో ఈ రెండు పనులూ జరగాలి. వందకు పైగా కిలోల బరువుండే ట్రాన్స్‌ఫార్మర్‌ను మేడ మీదికి మోయడం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ 12,000 ఇన్వర్టర్. నిజంగా జాగ్రత్తగా ఆలోచించవలసింది దీని గురించే, ఎందుకంటే చూడడానికి ఇదే లాభసాటిగా కనిపిస్తుంది. ఇన్వర్టర్‌లో విలువంతా లోపలి సర్క్యూట్ బోర్డులోనే ఉంటుంది. ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుంది, పక్కనే గ్రైండర్ నడుస్తుంటే ఆ గాలితో పాటు ఇనుప పొడి కూడా పోయి బోర్డు మీద పేరుకుంటుంది. వానాకాలపు తేమ తోడైతే ఒక రోజు ఠప్పున పోతుంది. కనుక అమ్మే వ్యక్తి అనుమతితో, ప్లగ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగిన తర్వాత, మూత విప్పించి చూడండి. తీసిన వెంటనే ముట్టుకోకూడదు, లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, బోర్డు మీద నల్లబడిన చోట్లు, చేతితో మళ్లీ సోల్డరింగ్ చేసిన గుర్తులు ఉన్నాయా, స్క్రూల తలలు అరిగి ఉన్నాయా అన్నవి చూడాలి. ఇవన్నీ బాగున్నా ఆ మోడల్‌కు బోర్డు విడిగా దొరుకుతుందా అని కనుక్కోకుండా బయానా ఇవ్వవద్దు. బోర్డు దొరకని ఇన్వర్టర్ పాడైన రోజున ఇనుప సామాను ధరకే పోతుంది.

ఆ తర్వాత వైరు ఫీడర్, అంటే రోలర్లతో వైరును టార్చ్‌లోకి నెట్టే భాగం, చూడండి. మిగ్ మెషిన్‌తో వచ్చే ఇబ్బందులలో ఎక్కువ భాగం కరెంటు వైపు నుంచి కాకుండా వైరు వైపు నుంచే వస్తాయి. టార్చ్ కేబులును నేల మీద తిన్నగా పరిచి, టార్చ్ మొనను ఒక చెక్క ముక్కకు రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి ట్రిగ్గర్ నొక్కినప్పుడు వైరు ఆగి రోలర్లు జారాలి. అదే అడుగు దూరంలో పెడితే వైరు జారకుండా ముందుకొచ్చి వంగి మెలిక తిరగాలి. రోలర్ల గాడులు అరిగినా, లైనర్‌లో (టార్చ్ కేబులు లోపల వైరు నడిచే గొట్టం) తుప్పు, దుమ్ము పట్టినా వైరు కుదుపులతో వస్తుంది. టార్చ్ యూరో కనెక్టర్‌తో ఉంటే మంచిది, పాడైతే వేరే కంపెనీ టార్చ్ కూడా తగిలించుకోవచ్చు; మెషిన్ లోపలికే బిగించిన టార్చ్ అయితే ఆ వెసులుబాటు ఉండదు. చివరగా మీ సొంత పైపు ముక్కలు, మీ సొంత 0.8 మిల్లీమీటర్ల వైరు తీసుకెళ్లి, మీరు వాడబోయే గరిష్ఠ కరెంటులో కొంతసేపు ఆపకుండా వెల్డింగ్ చేయండి. సెట్టింగు కుదిరినప్పుడు పకోడీలు వేగుతున్నట్టు ఒకే తీరున చిటపటలాడాలి. ఆ చప్పుడు మధ్య మధ్య తెగిపోతుంటే వైరో, టిప్పో (టార్చ్ కొసన వైరు బయటికి వచ్చే రాగి మొన), ఎర్త్ క్లాంపో చూడాలి. చప్పుడు బాగుండి కొంతసేపటికి కరెంటు తగ్గిపోతుంటే మాత్రం తప్పు లోపల ఉంది, ఆ మెషిన్‌ను వదిలేయండి.

పాతదానికి కొత్త టార్చ్, లైనర్, రోలర్లు, రెగ్యులేటర్ వేయవలసి వస్తే ఆ 12,000 ఎక్కడికి చేరుతుందో ముందే రాసి లెక్కించుకోండి. కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటితే పాతది కొనడంలో అర్థం లేదన్నది నా లెక్క.

జవాబు: నాచారం ఫిట్టర్

మెషిన్ గురించి పెద్దలు చెప్పారు గనుక నేను గ్యాస్ గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఇంటి వాడకంలో ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే.

మామూలు ఇనుముకు ఉత్త కార్బన్ డయాక్సైడ్ చాలు; చవక, లోతుగా కరుగుతుంది, స్పాటర్ (చుట్టూ చిందే కరిగిన లోహపు చుక్కలు) మాత్రం ఎక్కువ. ఆర్గాన్ 80 శాతం, కార్బన్ డయాక్సైడ్ 20 శాతం కలిపిన గ్యాస్‌తో పలుచని పైపు మీద అతుకు శుభ్రంగా వస్తుంది, కాని ఖరీదు ఎక్కువ. మీ పనికి కార్బన్ డయాక్సైడ్‌తోనే మొదలుపెట్టవచ్చు. నిమిషానికి 8 నుంచి 12 లీటర్ల ప్రవాహం సరిపోతుంది.

సిలిండరులో కార్బన్ డయాక్సైడ్ ద్రవరూపంలో ఉంటుంది. అందువల్ల ద్రవం ఉన్నంతసేపూ మీటరు ముల్లు దాదాపు ఒకే చోట నిలబడి, చివరిలో ఒక్కసారిగా పడిపోతుంది. ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. ఇంకొక ముఖ్యమైన విషయం: ఈ గ్యాస్ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు. 20 డిగ్రీల వద్ద 57 బార్ ఉండే ఒత్తిడి మన ఎండాకాలంలో ఎంతో పైకి పోతుంది. మేడ మీద ఎండలో, రేకుల పక్కన, కారు డిక్కీలో దానిని ఉంచకూడదు. గదిలో నీడన, నిలువుగా, గోడకు గొలుసుతో కట్టి పెట్టండి. సిలిండరు భుజం మీద చివరిసారి హైడ్రాలిక్ పరీక్ష చేసిన తేదీ కొట్టి ఉంటుంది. గడువు దాటిన సిలిండరును పాత మెషిన్‌తో పాటు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు, లైసెన్సు ఉన్న గ్యాస్ డీలరు దానిని నింపరు. పైగా ఈ గ్యాస్ గాలి కంటే బరువైనది, మూసిన గదిలో కిందికి చేరుతుంది, కాబట్టి పని చేస్తున్నంతసేపూ షట్టరు పూర్తిగా ఎత్తి ఉంచండి.

గ్యాస్ లేకుండా నడిచే ఫ్లక్స్ వైరు సంగతి కూడా కొందరు చెబుతారు. మేడ మీద గాలిలో అది పనికొస్తుంది. అయితే ఆ వైరుకు ధ్రువాలు తారుమారు చేయాలి: గ్యాస్‌తో వాడే వైరుకు టార్చ్ పాజిటివ్‌లో ఉంటుంది, ఫ్లక్స్ వైరుకు నెగటివ్‌లో ఉండాలి. కొనబోయే మెషిన్‌లో ఈ మార్పిడికి ఏర్పాటు ఉందో లేదో చూడండి. 18 గేజ్ పైపు మీద ఫ్లక్స్ వైరు చిల్లులు పెట్టే అవకాశం ఎక్కువ, స్లాగ్ కూడా కొట్టుకోవాలి. మీరు ఆర్క్ నుంచి తప్పుకోవాలనుకున్న కారణాలు రెండూ ఇక్కడ తిరిగి ఎదురవుతాయి. బాలానగర్ వారు చెప్పినట్టు పైన రాడ్డు వాడుకోవడమే నాకూ నచ్చింది.

మీరు అడగలేదు గాని, పందిరికి జీఐ పైపు వాడే ఆలోచన ఉంటే అతికే చోట జింకు పూతను గ్రైండర్‌తో పూర్తిగా తీసేయండి. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరంలాంటిది వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అల్వాల్ మిద్దెతోట

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే రాణీగంజ్ మెషిన్ రేటింగ్ ప్లేటు చదివాను. ఐ1 మ్యాక్స్ 35, ఐ1 ఈఎఫ్ఎఫ్ 22 అని ఉంది. 40 డిగ్రీల వద్ద 200 ఆంపియర్లకు 40 శాతం, 126 ఆంపియర్లకు 100 శాతం అని రాసి ఉంది. టార్చ్ యూరో కనెక్టర్‌ది, ధ్రువాలు మార్చుకునే ఏర్పాటూ ఉంది. ఆన్‌లైన్ మెషిన్ యజమాని వెల్డింగ్ చేసి చూసుకోవడానికి ఒప్పుకున్నారు గాని మూత విప్పడానికి ఒప్పుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఆలోచన మానుకున్నాను. కొత్తదానికే మొగ్గు చూపుతున్నాను. అయితే ధర తగ్గించమని అడగాలా, లేక వేరే ఏమైనా కోరాలా అన్నది ఒక సందేహం; వైరు ఏ సైజు స్పూలు తీసుకోవాలన్నది మరొకటి.

జవాబు: మౌలాలి విద్యుత్

ఆ అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి, అందుకే వాటిని నమ్మవచ్చు. 35ను 0.4 వర్గమూలంతో గుణిస్తే 22 వస్తుంది. 200ను అదే సంఖ్యతో గుణిస్తే 126 వస్తుంది. ఊహించి కొట్టిన ప్లేట్లలో ఈ లెక్క సాధారణంగా కుదరదు. మీ పైపు పనంతా 100 ఆంపియర్ల లోపే గనుక ఈ మెషిన్‌ను చల్లారనివ్వడం కోసం ఆపవలసిన అవసరమే రాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మాత్రం నడపవద్దు. సన్నని పొడవాటి తీగలో వోల్టేజీ పడిపోయి, మెషిన్‌దే తప్పనుకునేలా చేస్తుంది.

జవాబు: బాలానగర్ షెడ్

మూత విప్పనివ్వని యజమాని దగ్గర మీరు ఆగిపోవడం సరైన నిర్ణయం.

కొత్తదాని మీద రెండు వేలు తగ్గించుకోవడం కంటే, అదే విలువకు ఒక మంచి ఆటో డార్కెనింగ్ హెల్మెట్, తోలు గ్లవ్స్, కొన్ని 0.8 టిప్పులు, హీటర్ ఉన్న రెగ్యులేటర్ అడగండి. కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటర్ ఎక్కువసేపు నడిస్తే చల్లబడి గడ్డకడుతుంది, హీటర్ అందుకే. హెల్మెట్ 9 నుంచి 13 షేడ్ వరకు మార్చుకోగలిగేదై ఉండాలి. వారంటీ బోర్డుకు కూడా వర్తిస్తుందని బిల్లు మీదే రాయించుకోండి, బిల్లులో సీరియల్ నంబరు ఉండాలి, పాడైతే మెషిన్‌ను హైదరాబాద్‌లోనే బాగు చేస్తారా, వేరే ఊరికి పంపుతారా అన్నది ఇప్పుడే అడగండి. టార్చ్‌కు సాధారణంగా వారంటీ ఉండదు, దాని గురించి వాదించి ప్రయోజనం లేదు.

వైరు ఈఆర్ 70 ఎస్-6, 0.8 మిల్లీమీటర్లది, 5 కిలోల స్పూలు తీసుకోండి. కిలో స్పూలు కిలో లెక్కన చాలా ఖరీదు పడుతుంది. 15 కిలోలది ఇంటి వాడకంలో పూర్తయ్యేలోపు తుప్పు పట్టవచ్చు. పని లేని రోజుల్లో స్పూలు తీసి మూత ఉన్న డబ్బాలో దాచండి. 16 గేజ్ పైపుకు 16 నుంచి 18 వోల్టులు, నిమిషానికి 3 నుంచి 4 మీటర్ల వైరు వేగంతో మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. షట్టరు ఎత్తి పని చేస్తారు గనుక వీధిలో పోయే పిల్లల కళ్లకు వెలుగు తగలకుండా ఒక అడ్డు తెర కట్టండి.

5 మిల్లీమీటర్ల యాంగిల్ దగ్గర మాత్రం జాగ్రత్త. మిగ్ అతుకు పైకి నున్నగా కనిపించినా లోపల ఇనుము కరగకుండా కేవలం పైన కూర్చుని ఉండవచ్చు. షెడ్డు స్తంభాలు వేసే ముందు రెండు తుంపు ముక్కలను టీ ఆకారంలో నిలిపి ఒక వైపు మాత్రమే అతికి, వైస్‌లో బిగించి, అతుకు మొదలు (రూట్) తెరుచుకునేలా వెనుక వైపు నుంచి సుత్తితో మడవండి. అతుకు ఒక పట్టీలా ఊడి వచ్చి కింద ఇనుము నున్నగా కనిపిస్తే కరెంటు చాలలేదని, చిరిగిన గరుకు లోహం కనిపిస్తే సెట్టింగు సరిపోయిందని అర్థం. ఆ సెట్టింగును మెషిన్ మూత మీద మార్కర్‌తో రాసుకోండి.